సూక్ష్మజీవికి సాల్వెన్సీ

2025 ఏప్రిల్ 1న పొద్దున లేచేసరికి ఈ దేశంలో చాలామంది పెద్దవాళ్లు చిన్నవాళ్లైపోయారు. ఆ తేదీ నేను పెట్టింది కాదు, కేంద్ర ప్రభుత్వం పెట్టిందే. అంతకుముందు రోజు దాకా యంత్రాల మీద కోటి రూపాయలు పెట్టి ఏడాదికి 5 కోట్ల వ్యాపారం చేసేవాడి దగ్గర సూక్ష్మ సంస్థల హద్దు ముగిసేది. ఆ రోజు నుంచి రెండున్నర కోట్ల పెట్టుబడి, 10 కోట్ల టర్నోవరు ఉన్నవాడు కూడా సూక్ష్మమే. 100 కోట్ల దాకా వ్యాపారం చేసేవాడు చిన్నవాడు. 500 కోట్లవాడు మధ్యరకం. పాపం, నెలాఖరుకు ఎట్లా నెట్టుకొస్తున్నాడో.

ఇప్పుడు కర్నూలు జిల్లా పడమటి దిక్కున, వాన దారి తప్పితే తప్ప రాని ఊరొకటి అనుకోండి. ఊరి పేరు వద్దు, అట్లాంటివి మండలానికి పది దొరుకుతాయి. అందులో పది మంది ఆడవాళ్ల డ్వాక్రా సంఘం. ఆస్తిపాస్తులు రెండు బాణళ్లు, ఒక గ్యాస్ పొయ్యి, ఒక చేట, ఒక పెద్ద చెక్క పీట. బుడ్డలు దోరగా వేయించి, చేతులతో నలిపి, పొట్టు చెరిగి, బెల్లం పాకంలో వేసి, నెయ్యి రాసిన పీట మీద పరిచి, వేడి ఆరకముందే కత్తితో గీతలు గీసి ముక్కలు చేస్తారు. పాకం వచ్చిందా లేదా అన్నది చూడటానికి వాళ్లకు ల్యాబు లేదు. నీళ్ల గిన్నెలో ఒక చుక్క వేస్తారు. తీసి వేళ్ల మధ్య నొక్కితే టక్కున విరగాలి. సాగితే ఇంకో రెండు నిమిషాలు మంట. ఆ పని చేసే పెద్దామెకు కళ్లు సరిగా కనపడవు. విరిగే చప్పుడుతోనే చెప్పేస్తుంది.

చట్టం లెక్కన ఈ బాణలి సూక్ష్మ సంస్థ. 10 కోట్లవాడి ఫ్యాక్టరీ కూడా సూక్ష్మ సంస్థే. ఇద్దరికీ చిన్న సంస్థల నమోదుకిచ్చే ఒకటే ఉద్యమ్ సర్టిఫికెట్టు, ఒకటే క్యూఆర్ కోడు, ఒకటే వరస. ఇద్దరినీ ఒకే గీత దగ్గర నిలబెట్టి పరుగెత్తమంటారు. ఒకాయన కారులో కూచున్నాడు కదా సారూ అంటే, గీత ఒకటే కదమ్మా అంటారు.

ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో 2020 నుంచి మధ్యాహ్న భోజనంతో పాటు వారానికి 3 రోజులు పిల్లలకు ఇట్లాంటి బుడ్డల చిక్కీ పెడుతున్నారు. మంచి పని, అందులో రెండో మాట లేదు. రక్తం తక్కువున్న పిల్లలకు బెల్లం, బుడ్డలు కావాలి. ఆ బుడ్డలు పండేది రాయలసీమ ఎర్రనేలల్లో. పాకం పట్టడం తెలిసిన చేతులు ఊరూరా ఉన్నాయి. తినే నోళ్లు ఆ ఊరి బళ్లోనే ఉన్నాయి. పండేది ఇక్కడే, చేసేది ఇక్కడే, తినేది ఇక్కడే. టెండరు ఒక్కటే ఇక్కడ లేదు. అది పెద్ద పెద్ద ప్యాకేజీలుగా, లక్షల మంది పిల్లల లెక్కతో, పైన ఎక్కడో నడుస్తుంది. ఊరి బుడ్డలు లారీ ఎక్కి ఊరు దాటి, రంగు కాగితం చుట్టుకుని, పరాయి చుట్టంలా తిరిగి బడికొస్తాయి.

సంఘం ఆడవాళ్లకు ఎవరో చెప్పారు, చిన్న సంస్థలకు సర్కారు కొనుగోళ్లలో వాటా ఉందని. అబద్ధం కాదు. కేంద్రం 2012 మార్చిలో ఒక ఆదేశం ఇచ్చింది. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు కొనే సరుకుల్లో 20 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గరే కొనాలన్నారు. 2018లో దాన్ని 25 శాతం చేశారు. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు. టెండరు ఫారం ఉచితం, ధరావతు కట్టక్కర్లేదు. చిన్నవాడి ధర, అందరికన్నా తక్కువ వేసినవాడి ధర కన్నా 15 శాతం దాకా ఎక్కువున్నా, ఆ తక్కువ ధరకు దిగొస్తే కొంత వాటా ఇవ్వాలి. చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నాకూ తిరిగాయి. తర్వాత కింద చిన్న అక్షరాలు కూడా చదివాను.

సర్టిఫికెట్ల యాత్ర కర్నూలులో ఎవరు మొదలుపెట్టినా కలెక్టరేటు చుట్టుపక్కల ఏదో ఒక జిరాక్స్ షాపు నుంచే మొదలవుతుంది. కరువైనా కాటకమైనా నష్టం రాని వ్యాపారం ఈ జిల్లాలో ఏదైనా ఉందంటే అదే. పంట బీమాకు జిరాక్స్, పరిహారానికి జిరాక్స్, రుణమాఫీకి జిరాక్స్. షాపు అబ్బాయి తల ఎత్తకుండానే అడుగుతాడు.

"ఉద్యమ్ ఉందా అవ్వా?"

"ఉద్యమమా? సారా అంగళ్లు మూయించినప్పుడు చేసినాం నాయనా. ఇప్పుడేం లేదు."

"అది కాదవ్వా. కాయితం. గవర్నమెంటు కాయితం. ఆధార్ ఇయ్యి, ఫోన్‌కు ఓటీపీ వస్తాది చెప్పు."

ఫోను కోడలి దగ్గర ఉంది. కోడలు పత్తి ఏరడానికి పోయింది. యాత్ర మరుసటి సోమవారానికి వాయిదా.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ఏ కాగితమూ జత చేయక్కర్లేదు, మన మాటే ప్రమాణం. 2020 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ ఏర్పాటు నిజంగానే సులువు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ఉచితం అన్నదానికి మన దగ్గర ఒక మార్కెట్టు రేటు ఉంటుంది. షాపు అబ్బాయి రేటు ఒకటి. అచ్చం సర్కారు వెబ్‌సైటులా మూడు రంగుల జెండా పెట్టుకుని ఫీజు గుంజే ప్రైవేటు సైట్ల రేటు ఇంకోటి. వాటి మాయలో పడొద్దని మంత్రిత్వ శాఖే హెచ్చరించాల్సి వచ్చింది. పైగా ఇది మొదటి కాగితమూ కాదు. వెనకటికి చిన్న పరిశ్రమ అని ఒక రిజిస్ట్రేషన్ ఉండేది. 2006 చట్టం వచ్చాక మొదటి మెమొరాండం, రెండో మెమొరాండం అన్నారు. 2015లో ఉద్యోగ్ ఆధార్ అన్నారు. ఇప్పుడు ఉద్యమ్. ప్రతిసారీ సులభతరం చేశామన్నారు, ప్రతిసారీ పాతది చెల్లదన్నారు. వ్యాపారం మాత్రం అదే బాణలి.

ఉద్యమ్ చేతికొచ్చాక అసలు కథ మొదలవుతుంది. మామూలుగా టెండరు నోటీసులో అర్హతల పేజీ అని ఒకటుంటుంది. షాపు అబ్బాయికి అది కంఠతా వచ్చు. జీఎస్టీ ఉండాల్ల. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాడికి 40 లక్షల దాకా జీఎస్టీ అక్కర్లేదని చట్టమే వదిలేసింది. టెండరు వదలదు. తీసుకున్నాక, ఏమీ అమ్మకపోయినా ఏమీ అమ్మలేదని రిటర్ను వేయాలి, మరిచిపోతే రోజుకు 20 రూపాయల చొప్పున ఆలస్య రుసుము. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉండాల్ల. అది న్యాయమే, పిల్లల తిండి. మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు ఉండాల్ల. చార్టర్డ్ అకౌంటెంటు సంతకంతో టర్నోవరు సర్టిఫికెట్టు ఉండాల్ల. కుల ధ్రువీకరణ ఉండాల్ల. ఆన్‌లైన్లో టెండరు వేయడానికి డిజిటల్ సంతకం ఉండాల్ల, అదొక పెన్‌డ్రైవు లాంటిది, రెండు మూడేళ్లకోసారి కాలం తీరుతుంది, మళ్లీ కొనాలి. ఇవన్నీ ఒక ఎత్తు. నాకు అన్నిటికన్నా నచ్చింది నల్లజాబితా అఫిడవిట్టు. స్టాంపు కాగితం మీద, నోటరీ ముద్రతో, ఫలానా మమ్మల్ని ఏ ప్రభుత్వ శాఖా ఏనాడూ బ్లాక్‌లిస్టులో పెట్టలేదని ప్రమాణం చేయాలి. ఈ ఆడవాళ్లకు ఏ ప్రభుత్వ శాఖా ఏనాడూ ఏ పనీ ఇవ్వలేదు. పని ఇచ్చి ఉంటే కదా నల్లజాబితాలో పెట్టేది! తెల్లజాబితా గడప కూడా తొక్కనివాళ్ల చేత నల్లజాబితాలో లేమని రాయించుకోవడం, పెళ్లి కాని పిల్లను విడాకుల కాగితం అడగడమే.

తర్వాత సాల్వెన్సీ. అంటే, నీకు ఇంత ఆస్తి ఉంది, నువ్వు మునిగిపోవు అని తహశీల్దారో బ్యాంకో రాసివ్వాలి. ఇల్లు మామ పేరున ఉంది. పొలం మామ అన్నదమ్ముల ఉమ్మడి. ఆమె పేరున ఉన్నదల్లా సంఘం అప్పు. ఆ అప్పు నెల తప్పకుండా కడుతోంది, బ్యాంకు మేనేజరు స్వయంగా చెబుతాడు, ఆడవాళ్లంత ఖచ్చితంగా మా దగ్గర ఎవరూ కట్టరని. మరి ఆ మాటే రాసివ్వండి సారూ అంటే, నోటితో చెప్పగలను గానీ లెటర్‌హెడ్డు మీద చెప్పలేనంటాడు. ఆస్తి చూపించినవాడు నమ్మదగినవాడు, అప్పు కట్టినవాడు కాదు. ఈ సూత్రం మీదే ఈ దేశంలో వేల కోట్లు అప్పు తీసుకుని విమానం ఎక్కినవాళ్లందరికీ సాల్వెన్సీ పక్కాగా ఉండింది.

ఇదంతా దాటినా అనుభవం దగ్గర ఆగిపోతారు. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబరులో పనుల టెండర్లకు అర్హతల కొలత ఒకటి చెప్పింది. గత 7 ఏళ్లలో అట్లాంటి పనే చేసి ఉండాలి. అంచనా విలువలో 40 శాతం విలువైన పనులు మూడు, లేదా 50 శాతంవి రెండు, లేదా 80 శాతంది ఒకటి. మూడేళ్ల సగటు టర్నోవరు అంచనాలో 30 శాతమైనా ఉండాలి. ఇష్టమొచ్చినట్టు షరతులు పెట్టి కావాల్సినవాడికి పని కట్టబెట్టే ఇంజనీర్ల చేతులు కట్టడానికి తెచ్చిన కొలత అది. ఉద్దేశం మంచిదే. మన ఆఫీసుల్లో మంచి ఉద్దేశానికి ఆయుష్షు తక్కువ. అనుభవం ఉంటేనే పని, పని చేస్తేనే అనుభవం. ఈ గానుగ చుట్టూ తిరిగే ఎద్దుకు ఉద్యమ్ సర్టిఫికెట్టు మెడలో గంటలా కట్టారు.

అనుభవం సంగతి కర్నూలు వాళ్లకు ఇంకొకరు చెప్పాలా? 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. మూడేళ్ల ఒక నెల. ఏ టెండరు నోటీసు ప్రకారం చూసినా మూడేళ్ల అనుభవం పక్కా. ఏం లాభం? తర్వాతి టెండర్లో హైదరాబాదు తన్నుకుపోయింది. 2014లో మళ్లీ రాజధాని కావాల్సొచ్చినప్పుడు పాత అనుభవం ఉన్న ఏకైక బిడ్డరును ఎవరూ పిలవలేదు. 2020లో న్యాయ రాజధాని అన్నారు, 2021 నవంబరులో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. వర్క్ ఆర్డరు ఇచ్చి రద్దు చేసినట్టు. ఇంకో ముచ్చట. ఆ 1953లో ఇక్కడ ఆఫీసులకు భవనాలు చాలక గుడారాల్లో కచేరీలు నడిపారు. టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వం ఈ రోజుల్లో ఏదైనా టెండరు వేసి ఉంటే 'శాశ్వత కార్యాలయ చిరునామాకు ఆధారం లేదు' అని టెక్నికల్ బిడ్డులోనే కొట్టేసేవారు.

చిన్నవాళ్లకు అనుభవం, టర్నోవరు షరతులు సడలించవచ్చని కేంద్రం రూలు రాసుకుంది. 'వచ్చు' అన్నారు, 'వలెను' అనలేదు. సర్కారు ఆన్‌లైన్ కొనుగోళ్ల జెమ్ పోర్టల్లో ఏ బిడ్డు పత్రం తెరిచినా ఆ 'వచ్చు' ఒకే ఒక్క వరసగా కనపడుతుంది: సూక్ష్మ, చిన్న సంస్థలకు అనుభవం, టర్నోవరు మినహాయింపు ఉందా? ఎదురుగా ఎస్ అనో నో అనో ఉంటుంది. కొనే ఆఫీసు నొక్కే బటను అది. 2012 ఆదేశం, 2018 సవరణ, 25 శాతం, మంత్రుల ఉపన్యాసాలు, అన్నీ వచ్చి చివరికి ఆ బటను ముందు చేతులు కట్టుకుని నిలబడతాయి. ఎస్ నొక్కిన గుమస్తాకు ఆడిట్ భయం, నో నొక్కినవాడికి నిశ్చింత. ఏది నొక్కుతాడో మీరే చెప్పండి. అది చాలదన్నట్టు పత్రం చివర కొనుగోలుదారు సొంత షరతులు చేర్చుకునే చోటు ఒకటి ఉంటుంది. ముందు తలుపు తీసిపెట్టి వెనకాల తాళం వేయడానికి వీలుగా.

వెనకటికి ఇంత చదువు అవసరం ఉండేది కాదు. ఆఫీసులో టెండరు బాక్సు ఉండేది. దాని చుట్టూ ఎవరి మనుషులో ఉండేవారు. సంగతి తెలియని అమాయకుడు కవరు పట్టుకుని మెట్లెక్కితే, "యాడికప్పా?" అని ప్రేమగా అడిగేవారు. అంతే, అర్హతల పరీక్ష అయిపోయేది. సీమ రోడ్ల మీద, కాలువల మీద ఎన్నో ఏళ్లు ఈ పద్ధతిలోనే పారదర్శకత వర్ధిల్లింది. 2003లో రాష్ట్రం ఈ-ప్రొక్యూర్‌మెంట్ తెచ్చింది, దేశంలోనే ముందు వరసలో. బాక్సు పోయింది. ఇప్పుడు కవరు ఎవరూ లాక్కోరు. మెట్ల మీద నిలబడే మనిషి నోటీసు లోపలికి వెళ్లి క్లాజై కూచున్నాడు. వెనకటివాడికి రాత్రి కాపలా కూలి ఇవ్వాల్సొచ్చేది, ఈయనకు అదీ అక్కర్లేదు.

ఇక ఆ చిన్న అక్షరాలు. 25 శాతం ఆదేశం కేంద్రానికే గానీ రాష్ట్ర శాఖలను కట్టడి చేయదు. చిక్కీ కొనేది రాష్ట్రం. సర్టిఫికెట్టు ఢిల్లీది, ఆకలి పత్తికొండది. సరే, జగన్నాథగట్టు మీద కేంద్ర విద్యాసంస్థ ఐఐఐటీడీఎం ఉంది కదా, వాళ్ల హాస్టలు పిల్లలు బుడ్డల చిక్కీ తినరా అంటే, దానికి జెమ్‌లోకి రావాలి, మళ్లీ బటను. ఆ ఆదేశం సరుకులకు, సేవలకే, నిర్మాణ పనులకు కాదు. కొని అమ్మేవాడికీ లేదు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దిక్కు కడప బండలు కోసే చిన్న యూనిట్ల వాళ్లను చూడండి. దక్షిణాదిలో ఆ బండ పరవని సర్కారు ఆఫీసు అరుదు. బండను సరుకుగా నేరుగా కొంటే ఆదేశం ఉంది. అదే బండను నేల మీద పరిపిస్తే అది నిర్మాణ పని, ఆదేశం లేదు. ఏ ఆఫీసు బండలు కొని బల్ల కింద పెట్టుకుంటుంది? ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టి వందల మగ్గాలకు నీడ ఇచ్చారు. అప్పుడాయన్ను నువ్వు నేతగాడివేనని ఎవరు రాసిచ్చారో మరి. ఇప్పటి నేతగాడికి గుర్తింపు కార్డు, గుడ్డకు చేనేత మార్కు, సంఘానికి ఆడిట్ కాగితం. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి ముప్పయ్యేళ్లు నేసినవాడు, తను నేస్తాడని ఎప్పుడూ నేయని వాడి చేత సంతకం పెట్టించుకోవాలి.

వీటన్నిటి మధ్య మనకు ఒక్క సర్టిఫికెట్టుకు మాత్రం కరువు లేదు. వెనకబడ్డామన్న సర్టిఫికెట్టు. మేం అడక్కుండానే అందరూ రాసిచ్చారు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో పెద్దలు రాసుకున్నారు. 2014 విభజన చట్టం 46వ సెక్షనులో రాశారు. దాని కింద సీమ, ఉత్తరాంధ్రల 7 జిల్లాలకు జిల్లాకు 50 కోట్ల చొప్పున ఏడాదికి 350 కోట్లు అన్నారు. 2018లో ఒకసారి ఆ 350 కోట్లు రాష్ట్రం ఖాతాలో వేసి మళ్లీ వెనక్కి తీసుకున్నారు. వెనకబడ్డ ప్రాంతం కదా, డబ్బు కూడా వెనక్కే నడిచింది. 2015లో ఆదాయపు పన్ను చట్టంలో వెనకబడ్డ ప్రాంతాల కోసం ఒక సెక్షను చేర్చి, 2020 మార్చి దాకా ఇక్కడ కొత్తగా యంత్రాలు పెట్టినవాళ్లకు ఖర్చులో 15 శాతం పన్ను లెక్కలో తగ్గించుకునే వీలిచ్చారు. పన్ను కట్టేంత లాభం ఉన్నవాడికి బంగారమే. బాణలి మీద 15 శాతం ఎంతవుతుందో, దాన్ని లేని పన్నులోంచి ఎట్లా తీసేయాలో సంఘం ఆడవాళ్లు ఇంకా లెక్క వేస్తున్నారు. 2024 ఆగస్టులో ఓర్వకల్లుకు 2,786 కోట్లు, కొప్పర్తికి 2,137 కోట్లు చెప్పి పారిశ్రామిక నగరాలకు కేంద్ర మంత్రివర్గం ఊ అంది. రానివ్వండి, సంతోషం. అక్కడ వేల ఎకరాలున్నాయి. చెక్క పీట పట్టేంత జాగా ఉంటుందో లేదో కనుక్కోవాలి.

విచిత్రం ఏమంటే, ఇంతమంది వెనకబడ్డ ప్రాంతమని రాసిచ్చిన ఈ నేలకు సర్కారు కొనుగోళ్లలో ఆ పేరున ఒక్క మార్కు లేదు. కులానికి, ఆడవాళ్లకు వాటా ఉంది. ఉండాలి కూడా. ఎక్కడున్నాం అన్నదానికి లేదు. అమెరికాలో 1997 నుంచి హబ్‌జోన్ అని ఒక పథకం ఉంది. పేదరికం, నిరుద్యోగం ఎక్కువున్న ప్రాంతంలో ప్రధాన ఆఫీసు ఉండి, పనివాళ్లలో 35 శాతం అట్లాంటి ప్రాంతాల్లోనే కాపురముంటే ఆ చిన్న కంపెనీకి ఫెడరల్ కాంట్రాక్టుల్లో ప్రాధాన్యం. మొత్తం కాంట్రాక్టుల్లో 3 శాతం వాళ్లకు దక్కాలన్నది లక్ష్యం. వాళ్లేమీ హరిశ్చంద్రులు కారు. 2008లో అక్కడి ఆడిట్ సంస్థ జీఏఓ లేని కంపెనీల పేరున, కాఫీ కొట్టు అడ్రసు కూడా ఇచ్చి దరఖాస్తు పెడితే సర్టిఫికెట్లు వచ్చేశాయి. దొంగ కాగితంలో మనకెవరూ సాటి లేరన్న గర్వం ఆ వార్తతో కాస్త తగ్గింది.

మన దగ్గర కాఫీ కొట్టు దాకా పోవాల్సిన పని లేదు, ఇంట్లోనే మనిషి దొరుకుతుంది. 2019లో రాష్ట్రం ఒక చట్టం చేసింది. నామినేషన్ మీద ఇచ్చే పనుల్లో, సేవల్లో 50 శాతం బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు, అందులో సగం ఆడవాళ్లకు. మంచి చట్టం. మంచి చట్టం వచ్చిన మరునాడు ప్రతి ఊళ్లోనూ కాంట్రాక్టర్ల ఇళ్లలో కొత్త అనుబంధాలు పుట్టుకొస్తాయి. తోటలో కాపలా ఉండే మనిషి భార్య ఉన్నట్టుండి ఫర్మ్ ప్రొప్రైటరు అవుతుంది. "ఏం లేదమ్మా, ఈడొక సంతకం, ఆడొక సంతకం." పేరు ఆమెది, పెత్తనం ఆయనది. బిల్లు ఆమె ఖాతాలో పడుతుంది, చెక్కు పుస్తకం ముందే సంతకాలతో ఆయన బీరువాలో ఉంటుంది. కాంట్రాక్టరు ఎవరని తేల్చడానికి పది సర్టిఫికెట్లు ఎందుకు, ఆ డిజిటల్ సంతకం డాంగిల్ ఎవరి జేబులో ఉందో తడిమి చూస్తే చాలు. కానీ ఫైలులో జేబు తడిమే కాలమ్ లేదు. ఫైలు మాత్రం నిండుగా ఉంటుంది. నిజంగా చేసేవాళ్ల ఫైలులోనే ఎప్పుడూ ఒక కాగితం తక్కువ. అంతా పక్కాగా ఉంచుకోవడానికి వాళ్లకు తీరిక ఏది, పాకం మాడిపోతుంటే?

పని దక్కినా కష్టాలు తీరవు. చిన్న సంస్థ సరుకిచ్చాక 45 రోజుల్లో డబ్బు కట్టాలని, తప్పితే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ కట్టాలని 2006 చట్టంలో ఉంది. ఆ వడ్డీ అడిగిన మనిషికి అదే ఆఫీసులో రెండో ఆర్డరు ఇచ్చారంటే నాకు చెప్పండి, సన్మానం చేద్దాం.

చిన్న సంస్థల కోసమే ప్రత్యేకించిన 358 వస్తువుల జాబితా ఒకటి కేంద్రం దగ్గరుంది. సంచులు, బకెట్లు, చీపుర్లు వగైరా. దానికి 359వ వస్తువుగా 'అర్హతల ఫైలు, ట్యాగుతో సహా' అని చేర్చితే బాగుంటుంది. ఈ ప్రాంతంలో ముడిసరుకు పుష్కలం, నైపుణ్యం ఉంది, నీళ్లు అక్కర్లేదు. కర్నూలు జిరాక్స్ షాపులు దేశం మొత్తానికి సరఫరా చేయగలవు. అనుభవం సర్టిఫికెట్టుకూ ఇబ్బంది లేదు.

ఇంతకూ ఆ ఊరి బడిలో మధ్యాహ్నం అన్నం ఎవరు వండుతున్నారో చెప్పనేలేదు. ఈ సంఘం ఆడవాళ్లే. చాలా ఊళ్లలో వంట ఏజెన్సీ అంటే డ్వాక్రా మనుషులే. నెలకు 3,000 గౌరవ వేతనం. పొద్దున తొమ్మిదింటికి పొయ్యి ముట్టించి, రోజూ బడి మొత్తానికి అన్నం, పప్పు, కూర వండి వడ్డిస్తారు. దానికి వాళ్లను టర్నోవరు అడగలేదు. సాల్వెన్సీ అడగలేదు. నల్లజాబితాలో లేరని నోటరీ చేయించలేదు. వేడివేడి అన్నం రోజూ పెట్టడానికి పనికొచ్చిన చేతులు, 25 గ్రాముల చిక్కీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పనికి రావో టెండరు పిలిచినవాళ్లు చెప్పాలి. మండలానికో చిన్న ప్యాకేజీ చేసి, అనుభవం గడిలో 'బడిలో వంట' అని రాసుకునే వీలిస్తే పోయేదేముంది? పోయేది ఉంది లెండి. ఎవరికి పోతుందో వాళ్లకు తెలుసు.

బియ్యం సర్కారు ఇస్తుంది. కూరగాయలు, పోపు దినుసులు వీళ్లు తెచ్చుకోవాలి, బిల్లు పెట్టుకుంటే తర్వాత వస్తుంది. ఆ 'తర్వాత' ఒక్కోసారి నెల, ఒక్కోసారి మూడు నెలలు. అన్నాళ్లు పిల్లలకు పప్పు ఆగదు. కోమటి అంగట్లో అరువు ఆమె పేరున పెరుగుతుంది. అంటే లెక్క ప్రకారం ప్రభుత్వానికి అప్పు పెట్టి నడిపిస్తున్నది ఈమె. అప్పు తీసుకున్నవాడు అప్పిచ్చినామె దగ్గరికొచ్చి, నీకు స్తోమతు ఉన్నట్టు కాగితం తేపో అనడం మన రాజ్యాంగంలో ఏ అధికరణం కిందికి వస్తుందో లాయర్లు చూడాలి.

కాబట్టి ఈసారి బిల్లు ఆలస్యమైతే సంఘం తరఫున శాఖకు పంపాల్సిన నోటీసు ముసాయిదా ఇదిగో, షాపు అబ్బాయి డీటీపీకి డబ్బు తీసుకోనన్నాడు. 'తమరి శాఖకు ఇకమీదట అరువు మీద వండిపెట్టుటకు ఈ దిగువ పత్రములు జతపరచవలెను. మూడేళ్ల బ్యాలెన్సు షీట్లు, చార్టర్డ్ అకౌంటెంటు సంతకముతో. అంగట్లో గత బాకీ లేదని కోమటి వద్ద నుండి నో డ్యూస్. ఇచ్చిన మాట ప్రకారం 45 రోజుల్లో డబ్బు కట్టిన అనుభవము, గత 7 ఏళ్లలో కనీసం మూడు సందర్భములు. తమరు ఏ వంట ఏజెన్సీ నల్లజాబితాలోనూ లేరని స్టాంపు కాగితంపై అఫిడవిట్టు. ప్రతి పేజీపై సంతకము, రెండు సెట్లు. ఒరిజినల్సు చూపుటకు స్వయముగా రావలెను. సోమవారం మధ్యాహ్నము రండి. మేడం ఆ రోజు సీట్లో ఉండకపోవచ్చును.'